చీకటి నిర్మూలన పథకానికి ఒక అభినందన పత్రం

గోదావరి డెల్టాలో ఇంతకాలంగా ఒక పెద్ద లోపం ఉండిపోయిందనీ, దానిని మా తరం వారెవరూ గుర్తించలేకపోయారనీ ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించి కాటన్ దొరగారు కాలువలకు నీరు వదిలారు. ఆ నీటితో వరి పండింది, అరటి గెలలు వేసింది, కొబ్బరి కాసింది, కృతజ్ఞతగా ఊరూరా ఆయన విగ్రహం వెలిసింది. అన్నీ ఆలోచించిన ఆ మహానుభావుడు కొబ్బరిచెట్టుకు లైటింగ్ పెట్టించడం మాత్రం మరచిపోయారు. దాని ఫలితంగా నూట డెబ్బై ఏళ్లకు పైబడి ఈ ప్రాంతపు చెట్లూ చేమలూ పొద్దుగూకగానే నల్లగా మారిపోయి, పైసా ఆదాయం తేకుండా తెల్లవార్లూ ఊరికే నిలబడి ఉండేవి. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి పూనుకున్న ఒక ప్రకృతి విహార వనాన్ని మొన్న భోగి నాటి రాత్రి దర్శించే భాగ్యం నాకు కలిగింది. నిర్వాహకుల నిరాడంబరతను గౌరవించి (పక్క మండలానికి కూడా కనబడేలా ఆకాశంలోకి వేసిన నాలుగు కాంతిస్తంభాలను మినహాయిస్తే వారు నిరాడంబరులే) ఆ వనం పేరు ఇక్కడ రాయడం లేదు.

అక్కడికి వెళ్లాలన్న ఆలోచన నాది కాదు, మా అల్లుడుగారిది. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి మా జిల్లాలలో జరిగే మర్యాదల గురించి నేను ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలతో మొదలైన ఆతిథ్యం పనసపొట్టు కూర మీదుగా ఆత్రేయపురం పూతరేకుల దాకా సాగింది. పులస వరదల కాలంలోనే ఎదురెక్కుతుందనీ, జనవరిలో ఎంత డబ్బు పెట్టినా దొరకదనీ చెప్పి మా ఆవిడ ఆయనకు క్షమాపణ కూడా చెప్పుకుంది. సాయంత్రానికి అతిథి నోటిని సంతోషపెట్టే మార్గాలన్నీ అయిపోయి, కంటిని సంతోషపెట్టడమే మిగిలింది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఎలాగూ ఉంది. అంతవరకు ఏటిగట్టు మీద కాసేపు తిరిగి వద్దామని నేను అన్నాను.

"ఈ చీకట్లో ఏటిగట్టు మీద ఏముంటుంది మావయ్యగారూ?" అని ఆయన ఎంతో వినయంగా అడిగారు.

ముప్పై ఒక్క సంవత్సరాలు హైస్కూలులో ప్రకృతి శాస్త్రం బోధించిన నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. నేను నీళ్లు నములుతూ ఉండగానే ఆయన ఫోనులో దారి చూసి, నలుగురికీ టికెట్లు కొనేశారు. మనిషికి 200 రూపాయలు. ఏటిగట్టుకు టికెట్టు లేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. టికెట్టు లేని చోట చూడదగినది ఏముంటుందన్న అనుమానం ఆయనకు రావడం సహజమే.

వరి రైతులకు దీపపు ఎర సంగతి తెలుసు. చేను గట్టున రాత్రి ఒక బల్బు వెలిగించి, దాని కింద కిరోసిన్ కలిపిన నీళ్ల పళ్లెం పెడితే సుడిదోమలూ, కాండం తొలిచే పురుగు తల్లిపురుగులూ వచ్చి అందులో పడతాయి. తెల్లవారి వాటిని లెక్కపెట్టి, మందు కొట్టాలా వద్దా అని తేల్చుకుంటారు. కాలువ రోడ్డు పొడవునా ఒకదాని వెనుక ఒకటి కదలలేక నిలిచిపోయిన కార్ల వరుసలో, దూరాన ఆకాశంలో తిరుగుతున్న ఆ కాంతిస్తంభాల వైపే అందరి ముఖాలూ తిరిగి ఉండడం చూసినప్పుడు నాకు ఎందుకో ఆ పళ్లెమే గుర్తుకు వచ్చింది. గేటు దగ్గర మమ్మల్ని కూడా లెక్కపెట్టారు. మందు మాత్రం కొట్టలేదు. అది లోపలికి వెళ్లాక కొట్టారు. ఇన్ని వేల దీపాలకు డెల్టాలోని పురుగూ పుట్రా అంతా తరలివచ్చిందట. అందుకని తినుబండారాల దుకాణాల మధ్య ఒక కుర్రవాడు గంటకొకసారి దోమల పొగ వదులుతూ తిరుగుతున్నాడు. మిరపకాయ బజ్జీకి ఆ పొగ వల్ల కొత్త రుచి వచ్చిందని మా ఆవిడ అభిప్రాయం.

లోపల మాకు మొట్టమొదట స్వాగతం పలికినది మంచు మనిషి. స్వెట్టరు కూడా అక్కరలేని మా జనవరిలో, ఉక్కగా ఉన్న అరటితోట అంచున, మెడకు ఉన్ని కండువా చుట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. ఆయనకు కుడివైపున తెల్లని ధ్రువపు ఎలుగుబంటి, ఎడమవైపున పెంగ్విన్ల కుటుంబం. ఎలుగుబంటిది ఉత్తర ధ్రువం, పెంగ్విన్లది దక్షిణార్ధగోళం. సృష్టి మొదలైనప్పటి నుంచి ప్రకృతి వాటికి ముఖపరిచయమైనా చేయలేకపోయింది. ఎల్‌ఈడీ బల్బుల పుణ్యమా అని ఆ రెండు జాతులూ చివరికి కోనసీమ కాలువ గట్టున కలుసుకున్నాయి. ప్రకృతి విహారమంటే ఇదేనని బోర్డు మీద రాసి ఉంది కనుక నేను వాదించలేదు.

మన ప్రాంతపు జంతువు ఒక్కటీ లేదేమని గొణిగే వారు కొందరు ఉంటారు. వారికి నా మనవి ఏమిటంటే, ఆ జంతువులు తమ దురదృష్టాన్ని తామే కొనితెచ్చుకున్నాయి. కాకినాడ పక్కన కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. అందులో నీటిపిల్లులు ఉన్నాయి, నీటికుక్కలు ఉన్నాయి. నీటిపిల్లి అయితే బురదలోనూ నీటిలోనూ చేపలు పట్టుకు తినే అపురూపమైన జంతువు. లోకంలో చాలా దేశాలకు దక్కని సంపద. కానీ దాని తిరుగుడంతా రాత్రిపూట, అదీ ఎవరూ చూడని చోట. డబ్బు పెట్టి వచ్చినవాడికి కనబడాలన్న ఇంగితం దానికి లేదు. ఫొటో తీసుకునేంతసేపు కదలకుండా ఉండడంలో పెంగ్విన్ చూపిన క్రమశిక్షణలో నాలుగో వంతు చూపినా దానికి ఇక్కడ ఒక సెల్ఫీ పాయింటు దొరికి ఉండేది.

వనం మధ్యలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. పేరులోనే నిద్ర ఉన్న చెట్టు అది. సందె వేళకు ఆకులు ముడుచుకుంటుంది. దాని మొదలు నుంచి చిటారు కొమ్మల దాకా సీరియల్ సెట్లు చుట్టి, క్షణానికొక రంగు మారేలా అమర్చారు. ఆకులు ముడుచుకున్నాయో లేదో చూద్దామని తల ఎత్తాను గానీ, కళ్లు బైర్లు కమ్మి ఏమీ కనబడలేదు. ఆ కొమ్మల మీద రాత్రుళ్లు కొంగలు వాలేవనడానికి కింద సిమెంటు బల్లల మీద పాత తెల్లని మరకలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని కూడా త్వరలో కడిగించేస్తారు.

ఆ తరువాత నక్షత్ర సొరంగం. వంచిన ఇనుప చువ్వలకు చిన్నచిన్న తెల్లని దీపాలు దట్టంగా కట్టి, దాని కింద నడుస్తుంటే పాలపుంతలో నడిచినట్టు ఉంటుందని మైకులో చెబుతున్నారు. భోగి నాటి రాత్రి ఎనిమిది గంటలకు డెల్టా ఆకాశంలో పిల్లలకోడి చుక్కల గుంపు నడినెత్తిన ఉంటుంది. దానికి ఆగ్నేయంగా గొల్లకావడి వంగి నిలబడి ఉంటుంది. మా నాన్నగారు వాటిని చూసే కళ్లంలో వేళ లెక్క చెప్పేవారు. అలవాటు కొద్దీ నేను కూడా సొరంగపు చువ్వల సందుల్లోంచి పైకి చూశాను. పైన బూడిద రంగు తప్ప ఏమీ లేదు. దీనిని నష్టంగా భావించకూడదు. ఆ పాత నక్షత్రాలు వేళకు అస్తమించేవి, మబ్బు పడితే మొరాయించేవి, ఒక్కసారి కూడా పాటకు తగ్గట్టు ఎగిరేవి కావు. కొత్తవి సినిమా పాటకు తగ్గట్టు ఎగురుతున్నాయి.

ఇక మిణుగురుల విషయం. ఇక్కడ కొంచెం ఆగవలసి ఉంటుంది, ఎందుకంటే అల్లుడుగారికి అన్నింటికంటే నచ్చినది అదే. ఒక పొదల గుంపు మీదికి లేజరు యంత్రంతో వేల కొద్దీ ఆకుపచ్చని చుక్కలు వేసి, "మిణుగురుల లోయ" అని పేరు పెట్టారు. అసలు మిణుగురు వ్యవహారం చాలా నెమ్మదైనది. దాని పిల్లపురుగు తడినేలలో నత్తలను తింటూ పెరుగుతుంది. రెక్కలు వచ్చిన తరువాత మగపురుగు తన జాతికి ప్రత్యేకమైన లయలో మిణుక్కుమంటూ ఎగిరితే, కింద గడ్డిలో కూర్చున్న ఆడపురుగు నచ్చితే తిరిగి మిణుక్కుమంటుంది. ఆ వెలుగులో వేడి దాదాపు లేదు.  ఇంత పొదుపైన సంభాషణకు కావలసిన పెట్టుబడి ఒక్కటే, చీకటి. పక్కన ఫ్లడ్ లైటు వెలుగుతూ ఉంటే మగపురుగు పిలుపు ఆడపురుగుకు కనబడదు. పిలిచి పిలిచి అలసి అది ఎటో పోతుంది. మరుసటి ఏడాదికి పిలిచేవాడే ఉండడు. పైగా నత్తల మందు, దోమల పొగ. ఈ లోయలో లేజరు లేని రోజుల్లో అసలు మిణుగురులు ఉండేవా అని టికెట్లు చింపే అబ్బాయిని అడిగాను. "ఉండేయండి, ఇంతకుముందు బాగా ఉండేయి. లైట్లు పెట్టాక రావట్లేదండి. అందుకే లేజరు తెచ్చారండి," అని ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు.

ఇంత సులువుగా, ఒకే యంత్రంతో కొరతనూ సరఫరానూ పక్కపక్కన నిలబెట్టగల వ్యాపార మేధ మా జిల్లాలో ఉందని నాకు ఇంతవరకు తెలియదు. ఈ పద్ధతిని సముద్రతీరానికి కూడా విస్తరించవచ్చు. కాకినాడ దగ్గరి హోప్ ఐలండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి రాత్రివేళ బయటపడ్డ పిల్ల, ఏ దిక్కు ఎక్కువ వెలుతురుగా ఉంటే అదే సముద్రమనుకుని అటే పాకుతుంది. ఒడ్డున తగినన్ని దీపాలు పెడితే పిల్లలు వాటంతట అవే మన దగ్గరికి నడిచి వస్తాయి. కాకపోతే అవి టికెట్టు కొనవు.

వనం చివర, కాలువ వైపు, చామంతి మడి ఉంది. కడియం, కడియపులంక నర్సరీలు చేరువలో ఉన్న చోట సంక్రాంతికి చామంతి పూయని వాకిలి ఉండదు. ఇక్కడి మొక్కలు మాత్రం మోకాలి ఎత్తున, ఏపుగా, కంటికి ఇంపుగా పెరిగి ఒక్క మొగ్గ లేకుండా ఉన్నాయి. ఆ వెలితి తెలియకుండా ప్రతి మొక్కకూ పసుపుపచ్చని ప్లాస్టిక్ చామంతులను, ఒక్కొక్క పువ్వులో ఒక్కొక్క చిన్న బల్బుతో, వైరుతో బిగించి కట్టారు. జనం వాటి ముందు కూర్చుని ఫొటోలు దిగుతున్నారు.

చామంతి రాత్రులను లెక్కపెట్టుకునే మొక్క. పగళ్లు కురచై రాత్రులు తగినంత పొడవైతే తప్ప అది మొగ్గ కట్టదు. ఆ పొడవైన రాత్రి నడుమ కొంతసేపు దీపం వెలిగించినా చాలు, ఇవి వేసవి రాత్రులే కాబోలనుకుని ఆకుల మీద ఆకులు వేసుకుంటూ పోతుంది. పూలు సాగు చేసేవారు దాని ఈ అమాయకత్వాన్ని బాగా ఎరుగుదురు. పండుగ ధర పలికే రోజుకు పూత అందాలంటే మడుల మీద బల్బులు వేలాడదీసి పూతను వాయిదా వేస్తారు. వేళ చూసి ఆర్పేస్తారు. వీరు దసరాకు వెలిగించిన దీపాలను ఆర్పలేదు, అంతే తేడా. దీపాలు ఉన్నందువల్ల పువ్వు రాలేదు, పువ్వు రానందువల్ల దీపాల పువ్వు కట్టవలసి వచ్చింది, ఆ దీపాల పువ్వు వెలుగుతున్నంతకాలం అసలు పువ్వు రాదు. దీనికి ఎక్కడా తెగే చోటు లేదు.

నేను వంగి ఆ వైర్ల ముడులను పరీక్షిస్తూ ఉండగా వెనుక నుంచి, "మేస్టారూ, మీరాండీ?" అని ఎవరో పిలిచారు. ఖాకీ చొక్కా, చేతిలో కొడవలి. తోటమాలి. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడట. మార్కులు గుర్తు చేసుకునే ప్రయత్నం ఇద్దరమూ చేయలేదు. మొగ్గలు ఎందుకు లేవో నీకు తెలుసా అని అడిగితే, "ఆయ్, తెలుసండి," అని, ఇటూ అటూ చూసి, మడి చివరి మూలకు తీసుకువెళ్లాడు. అక్కడ సీరియల్ సెట్టును ఎలుక కొరికిందట, రెండు నెలల పైనే అయిందట. చీకటిగా ఉన్న ఆ మూల నాలుగు గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. ఒకదాని అంచు ఎత్తాడు. లోపల పది పన్నెండు మొక్కలు, ఆకు కనబడకుండా, విరగబూసి ఉన్నాయి.

"పొద్దుటే తీసేసి, సాయంత్రం ఐదింటికే కప్పేస్తానండి. లేకపోతే మేనేజరుగారు చూసి బల్బు మార్పించేస్తారండి," అన్నాడు. సాయంత్రం కప్పి ఉదయం తీయడం వల్ల వాటికి దొరకవలసిన రాత్రి నిండుగా దొరికిందని, దొంగతనంగా చేసినా పాఠంలో ఉన్నట్టే చేశాడని నేను అతనితో అనలేదు. ఒక పువ్వు కోసి ఇచ్చి, మళ్లీ కప్పేశాడు.

నిర్వాహకుల కృషి పట్ల ఇంత గౌరవం ఉన్న నేను, వారి ఆవరణలోనే దాగి ఉన్న ఈ చీకటిని వెంటనే వారి దృష్టికి తీసుకువెళ్లవలసింది. గేటు దగ్గర అందుకోసమే ఒక సలహాల పుస్తకం, దారానికి కట్టిన పెన్నుతో సహా, ఉంచారు. నేను దానిని తెరిచి, పెంగ్విన్లు చాలా బాగున్నాయని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.

కారు దగ్గర అల్లుడుగారు నా జేబు వైపు చూసి, "అది నిజం పువ్వా మావయ్యగారూ?" అని అడిగారు. చుట్టూ జనం ఉన్నారు. కాదు, ప్లాస్టిక్‌దేనని చెప్పాను.