సవరణ: స్నానాల గది తలుపు ఎటు తెరుచుకోవాలి?

నిరాశ్రయత నుంచి, మత్తు అలవాటు నుంచి బయటపడుతున్నవారి తాత్కాలిక నివాసాల గురించి ఇంతకుముందు రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది: 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన ‘హౌసింగ్ ఫస్ట్’ పద్ధతిని తాత్కాలిక నివాసాల లెక్కలో వేశాను. కాదు. అందులో ఇచ్చేది శాశ్వత నివాసం. ముందుగా మత్తు మానాలన్న షరతు ఉండదు.

రెండోదే నన్ను ఇబ్బంది పెట్టింది. స్నానాల గది తలుపు లోపలికి తెరుచుకోవాలని, ఏకాంతం మనిషి హక్కు కాబట్టి గడియ లోపలి నుంచి మాత్రమే తీయగలిగేలా ఉండాలని గట్టిగా రాశాను. హక్కే, కాదనను. కానీ మనిషి స్పృహ తప్పి తలుపుకు అడ్డంగా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు ఎంత తోసినా కదలదు. హెరాయిన్ వంటివి కొంతకాలం మానేసినవారి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. మళ్లీ అంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అప్పుడు గడిచే ప్రతి నిమిషమూ ప్రమాదమే. కాబట్టి తలుపు బయటికే తెరుచుకోవాలి. గడియ లోపలే ఉండనివ్వండి, అయితే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే రకం పెట్టండి. ఊపిరిని నిలబెట్టే నలోక్సోన్ స్ప్రే తాళం వేసిన ఆఫీసు గదిలో కాకుండా నడవలో, చేతికందే ఎత్తులో ఉండాలి.

పడకగదికి సొంత తాళం ఉండాలన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు. వద్దని వాదించేవారు గడియ లేని గదిలో, అపరిచితుల మధ్య ఒక్క వారం పడుకుని చూడాలి.