ఒప్పుకుంటే ఒక్కసారి చాలు, కాదంటేనే కష్టం

2020 మే 24న పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో రియో టింటో కంపెనీ రెండు రాతి గుహలను పేల్చేసింది. 46 వేల ఏళ్ల కిందటి మనుషుల ఆనవాళ్లున్న చోటు అది. ఇనుప ఖనిజం కోసం పేల్చారు. చట్టవిరుద్ధమా అంటే కాదు, 1972 నాటి వారసత్వ చట్టం కింద 2013లోనే అనుమతి తెచ్చుకున్నారు. ఆ మరుసటి ఏడాది అక్కడి తవ్వకాల్లో మనిషి జుట్టుతో అల్లిన నాలుగు వేల ఏళ్ల నాటి జడ ముక్క దొరికింది. అందులోని డీఎన్ఏ ఇవాళ ఆ నేల మీద బతుకుతున్న పుటు కుంటి కుర్రమ, పినికుర ఆదివాసుల డీఎన్ఏతో కలిసింది. ఇంతకన్నా ఏం రుజువు కావాలి? కానీ ఒకసారి ఇచ్చిన అనుమతిని కొత్త ఆధారం చూపి తిరగదోడే వీలు ఆ చట్టం వాళ్లకు ఇవ్వలేదు. ప్రపంచమంతా తిట్టిపోశాక కంపెనీ సీఈవో, మరో ఇద్దరు పెద్ద అధికారులు తప్పుకున్నారు.

ముగ్గురు పోతే తీరే జబ్బు కాదిది. భూమి కోసం, నీటి కోసం, అడవి కోసం ప్రజలు చేస్తున్న పోరాటాలన్నిటిలో కనిపించే అన్యాయమే ఇక్కడా ఉంది. ప్రాజెక్టుకు ‘సరే’ అని ఒక్కసారి అంటే అది తరతరాలకూ చెల్లుతుంది. ‘వద్దు’ అంటే మాత్రం రేపు మళ్లీ అడుగుతారు. ఎల్లుండి ఇంకో పేరుతో వస్తారు.

నియమగిరినే చూడండి. ఒడిశాలోని ఆ కొండ మీద అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కొండ చుట్టూ వందకు పైగా ఊళ్లుంటే, రాష్ట్ర ప్రభుత్వం పన్నెండింటినే ఎంచుకుంది. అన్నీ చిన్న చిన్న పల్లెలు. జిల్లా జడ్జీల సమక్షంలో, పోలీసుల పహారా మధ్య ఒక్కో ఊరు కూర్చుంది. కొండ తమ దేవుడు నియమరాజుదని, తవ్వనివ్వమని అక్కడి డోంగ్రియా కోందు ఆదివాసులు, వాళ్ల ఇరుగుపొరుగు పల్లెలవాళ్లు తేల్చి చెప్పారు. ఆగస్టు 19న జరపా అనే ఊరి సభతో లెక్క పూర్తయింది. పన్నెండుకు పన్నెండూ వ్యతిరేకమే. 2014 జనవరిలో కేంద్రం కూడా అనుమతి నిరాకరించింది.

కథ అక్కడితో అయిపోవాలి. అవలేదు. గ్రామసభలు మళ్లీ పెట్టించండంటూ ఒడిశా ప్రభుత్వ మైనింగ్ సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. 2016 మేలో కోర్టు ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది. అదే పన్నెండు ఊళ్లు ఆనాడు ‘సరే’ అని ఉంటే, మూడేళ్ల తర్వాత ‘మనసు మారింది, మళ్లీ అడగండి’ అనే అవకాశం వాళ్లకు దొరికేదా? ఇంకో సంగతి. గనికి అనుమతి రాకముందే కొండ కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ బాక్సైట్ శుద్ధి కర్మాగారం లేచి నిలబడింది. వేల కోట్లు పోశాక ఊరివాళ్లను అడగడమంటే, పెళ్లి చేసేసి పిల్లను ఇష్టమేనా అని అడగడమే.

కాదన్నవాళ్లు ఏం చెల్లించాల్సి వస్తుందో మధ్య అమెరికా దేశం హోండురాస్ చెబుతుంది. గ్వాల్‌కార్కే నది మీద అగువా సార్కా ఆనకట్టను లెంకా ఆదివాసులు 2013లో రోడ్డుకు అడ్డంగా కూర్చుని ఆపారు. ఆ ఏడాదే చైనా నిర్మాణ సంస్థ సైనోహైడ్రో వెళ్లిపోయింది. అంటే నిరాకరణ పనిచేసింది. పనిచేసింది కాబట్టే 2016 మార్చిలో ఆ ఉద్యమ నాయకురాలు బెర్తా కాసెరెస్‌ను ఇంట్లోనే కాల్చి చంపారు. ఆనకట్ట కంపెనీ మాజీ అధిపతికి 2022లో 22 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఇలాంటి కేసుల్లో తుపాకీ పట్టినవాడిని దాటి పైవాడి దాకా తీర్పు వెళ్లడం అరుదు.

ఆమె హత్య జరిగిన నెలలోనే దక్షిణాఫ్రికా తీరంలోని షోలోబెనిలో టిటానియం గని వద్దన్న అమదిబా క్రైసిస్ కమిటీ నాయకుడు సికోసిఫి రదేబెను చంపేశారు. పోలీసులమని చెప్పుకుంటూ వచ్చారు హంతకులు. ఆ ఊళ్లు మాత్రం వెనక్కి తగ్గలేదు. భూమిని అనాదిగా అనుభవిస్తున్న సముదాయం పూర్తిగా తెలుసుకుని ఒప్పుకుంటేనే గని లైసెన్సు ఇవ్వాలని 2018 నవంబరులో ప్రిటోరియా హైకోర్టు తీర్పు చెప్పింది. సంప్రదింపులు జరిపాం, చాలదా అన్న వాదన అక్కడ నిలవలేదు. సంప్రదించడం అంటే చెప్పి వెళ్లడం. సమ్మతి అడగడం అంటే కాదంటే ఆగిపోవడం. ప్రభుత్వాలు ఇష్టంగా వల్లించేది మొదటిదాన్నే.

దీనికి ఎదురువాదన లేకపోలేదు. కొద్దిమంది కాదంటే దేశం మొత్తానికి అవసరమైన లోహం, కరెంటు ఆగిపోవాలా? ఊరంతా ఒకే మాట మీద ఉంటుందన్న నమ్మకమేమిటి? రెండో ప్రశ్న నిజంగా గట్టిదే. షోలోబెనిలో గని కావాలన్నవాళ్లూ ఉన్నారు, ఉద్యోగాల ఆశ చిన్నదేమీ కాదు. ఉద్యమాల గురించి రాసేవాళ్లం ఆ చీలికను చూడనట్టు దాటేస్తుంటాం. కానీ ఊరిని చీల్చడానికి కంపెనీ చేతిలో డబ్బూ ఓపికా ఉంటాయి. ఊరివాళ్లకు పొలం పనులుంటాయి. మొదటి ప్రశ్నకైతే దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ జవాబు చెప్పింది. యసుని అడవిలో చమురు తవ్వకం ఆపాలా అని 2023 ఆగస్టులో దేశమంతా ఓటేస్తే, దాదాపు 59 శాతం మంది ఆపమన్నారు. ఏడాదిలో ఆపాలన్నది గడువు. ఆ గడువు దగ్గర పడ్డాక గానీ మొదటి బావి మూయలేదు. మిగతావి మూయడానికి ఇంకా ఏళ్లు పడుతుందని ప్రభుత్వం చేతులెత్తేసింది. దేశంలో ఎక్కువమంది కాదన్నా తవ్వకం ఆగకపోతే, ‘కొద్దిమంది’ అన్న అభ్యంతరంలో నిజాయితీ ఎంత?

2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనకు 144 దేశాలు ఓటేశాయి. ముందుగా, స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి అన్న సూత్రం అందులో ఉంది. దాన్ని చట్టంగా మార్చేటప్పుడు పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. సమ్మతికి కాలపరిమితి ఉండాలి. కొత్త ఆధారం బయటపడితే అనుమతి మళ్లీ ఆ ప్రజల ముందుకే రావాలి. ఒకసారి కాదన్న ప్రాజెక్టును కనీసం పదేళ్లు వాళ్ల గుమ్మం తొక్కనివ్వకూడదు. సమ్మతి చేతికి రాకముందు కంపెనీ కట్టిన ప్రతి గోడా దాని సొంత నష్టం కింద రాసుకోవాలి, ఆ ఖర్చు చూపించి ఏ కోర్టులోనూ సానుభూతి అడగకూడదు.