ముందు చేరినోడా, రాళ్ళు మోసినోడా

కిరణ్: వదినా, అముండ్‌సెన్ గొప్పా స్కాట్ గొప్పా అని వాదించడానికి ఏముంది? నార్వే అముండ్‌సెన్ 1911 డిసెంబర్ 14న సౌత్ పోల్‌లో జెండా పాతేశాడు, బ్రిటన్ నుంచి బయల్దేరిన స్కాట్ వెళ్ళేసరికి 1912 జనవరి 17, అక్కడ అప్పటికే నార్వే వాళ్ళ టెంట్ ఉంది. తిరుగుదారిలో స్కాట్‌తో సహా అయిదుగురూ పోయారు.

వదిన: అసలు పోటీ పెట్టింది ఎవరయ్యా? నార్త్ పోల్‌కి అని ఊరందరికీ చెప్పి, అట్లాంటిక్‌లో మడైరా దీవి దాకా వచ్చాక గానీ ఓడలో చాలామందికి కూడా అసలు సంగతి చెప్పలేదు మీవాడు. స్కాట్ వెంట జియాలజిస్టులున్నారు, వాతావరణం చూడ్డానికి సింప్సన్ ఉన్నాడు, సిమ్లాలో మన వాతావరణ శాఖలో పనిచేసినాయనే.

కిరణ్: సైన్స్ సరే, బతికి రావాలి కదండీ. అముండ్‌సెన్ కెనడా ఆర్కిటిక్‌లో దాదాపు రెండేళ్ళు అక్కడి స్థానికులైన నెట్సిలిక్ ఇన్యూట్‌ల దగ్గరుండి తోలు బట్టలు, కుక్కల బండి అన్నీ నేర్చుకున్నాడు. 52 కుక్కలతో బయల్దేరి 11తో వెనక్కొచ్చాడు, చాలావాటిని దారిలో చంపి మిగతా కుక్కలకీ మనుషులకీ తిండి చేశాడు, ఘోరమే గానీ అది ముందే వేసుకున్న లెక్క. మరి స్కాట్? గుర్రాల్ని నమ్ముకున్నాడు, చివరికి మనుషులే స్లెడ్జి లాగారు. కిరసనాయిలు డబ్బాల మూతలకి తోలు వాషర్లు, చలికి అవి పాడై నూనె కాస్తా పోయింది, అదే అముండ్‌సెన్ అయితే డబ్బాలకి సోల్డరింగ్ చేయించుకున్నాడు. నూనె లేకపోతే మంచు కరగదు, తాగడానికి గుక్కెడు నీళ్ళుండవు.

వదిన: డబ్బాల సంగతి ఒప్పుకుంటా. కానీ 1912 మార్చిలో అక్కడ మామూలుకంటే బాగా ఎక్కువ చలి, వాతావరణ శాస్త్రవేత్త సుసాన్ సాలమన్ తర్వాతి ఏళ్ళ రికార్డులతో పోల్చి చూపించింది కదా. దానికి స్కాట్ ఏం చేస్తాడు?

కిరణ్: తిరుగుదారి కోసం సరుకు దాచిన వన్ టన్ డిపో విషయంలో చేసుండొచ్చు. 80 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర దింపాల్సిన సరుకు, గుర్రాలు నీరసపడ్డాయని ఇవతలే దింపేశాడు. గుర్రాల్ని చంపైనా సరే ముందుకెళ్దాం అని, గుర్రాల్ని చూసుకునే ఓట్స్, పోయిన అయిదుగురిలో ఒకడు, మొత్తుకున్నాడు, వినలేదు. ఆఖరి టెంట్ ఆ డిపోకి 11 మైళ్ళ దూరంలో దొరికింది. పైగా స్లెడ్జి మీద 16 కిలోల రాళ్ళు!

వదిన: ఆ రాళ్ళ జోలికి రాకు. వాటిలో గ్లోసోప్టెరిస్ ఆకుల అచ్చులున్నాయి, మన సింగరేణి బొగ్గు పొరల నాటి మొక్క అది. అంటార్కిటికాలో ఒకప్పుడు అడవులుండేవని, మన నేలా ఆ నేలా ఒకప్పుడు కలిసే ఉండేవని చెప్పే సాక్ష్యం. అవి పారేస్తే మాత్రం బతికేవాళ్ళా?

కిరణ్: అలా అనట్లేదు. ఆ అయిదుగురిలోని ఎవాన్స్ ఓ పక్క నీరసించిపోతుంటే ఫిబ్రవరి 8న కొండ పక్కన ఆగి రాళ్ళు ఏరడమేంటి అంటున్నా.

వదిన: ఆగకపోతే ఇంత దూరం వెళ్ళి తెచ్చేదేంటి, రెండో స్థానమా?

కిరణ్: ఆ మాట ఓట్స్ వాళ్ళమ్మతో అనాల్సింది. కొడుకు చావుకి కారణం స్కాటే అంది ఆవిడ.