ఆ ముద్ద తినిపించే ఇంటికి తోడెవరు?

మా బంధువుల అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు లంచ్ బాక్సు మూత తీయకుండానే ఇంటికి తెచ్చేది. పప్పన్నం మీద వాళ్ల అమ్మ వేసిన నెయ్యి అలాగే పేరుకుపోయి ఉండేది. రాత్రి ఒక్క ఇడ్లీని పన్నెండు ముక్కలు చేసి, కంచం అంచు చుట్టూ తిప్పుతూ గంటసేపు కూర్చునేది. పెళ్లిళ్లలో చుట్టాలు "ఎంత నాజూగ్గా అయ్యావే" అని మెచ్చుకున్నారు. శనివారం ఒక్కపొద్దు మొదలైంది, తర్వాత గురువారం కూడా చేరింది. భక్తిని ఏ ఇంట్లో కాదంటారు?

నెలసరి ఆగిపోయాక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లారు. జుట్టు ఊడుతోందని చర్మవైద్యుడికి, కడుపు ఉబ్బరమంటే గ్యాస్ట్రో డాక్టరుకు చూపించారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పంజాగుట్టకు, అక్కడి నుంచి గచ్చిబౌలికి తిరిగారు. రక్త పరీక్షలన్నీ నార్మల్ అని వచ్చాయి. చివరికి ఒక పిల్లల డాక్టరు పాపను పడుకోబెట్టి నాడి చూశారు, నిలబెట్టి మళ్లీ చూశారు. అప్పుడు గానీ అనొరెక్సియా, అంటే తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే మానసిక జబ్బు, అన్న మాట ఆ ఇంట్లో వినబడలేదు. అప్పటికి ఏడు నెలలు గడిచాయి.

రక్త పరీక్షలు బాగున్నంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు. లావవుతానన్న భయం పిల్ల నోట రాకపోయినా లేదని కాదు. కడుపు నిండుగా ఉంది, తినలేను అని మాత్రమే చెప్పే రోగులను హాంకాంగ్ వైద్యులు 1990లలోనే గుర్తించారు. మన ఇళ్లలో వినిపించేది ఎక్కువగా ఈ మాటే.

జబ్బు పేరు తెలిశాక చాలామంది ఇచ్చే సలహా కౌన్సెలింగ్. మనసు కుదుటపడితే అదే తింటుందని నమ్మకం. నాకు ఇది తలకిందుల వైద్యంగా కనిపిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాలో 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నెలల తరబడి సగం తిండే పెట్టి పరిశీలించారు. వాళ్లకు తిండి తప్ప మరో ఆలోచన లేకుండా పోయింది. ముభావంగా మారారు, చిన్నదానికే చిరాకు పడ్డారు. ఏ మానసిక జబ్బూ లేని పెద్దవాళ్లనే ఆకలి అంతగా మార్చేసింది. పద్నాలుగేళ్ల పిల్లలో మనం మొండితనం అంటున్నదాంట్లో ఎంత భాగం ఆకలిదో ఆలోచించాలి. ఆకలితో మొద్దుబారిన మెదడుకు ఎంత మంచి మాట చెప్పినా ఎక్కదు. ముందు తిండి, తర్వాతే మాట.

లండన్‌లోని మాడ్‌స్లే ఆసుపత్రి వైద్యుల దారి ఇదే. పందొమ్మిదేళ్లలోపు మొదలై, మూడేళ్లు దాటని అనొరెక్సియాకు కుటుంబ చికిత్స మెరుగ్గా పనిచేసిందని 1987లో వాళ్లు చూపారు. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. ఏం తినాలి, ఎంత తినాలి అన్నది కొన్నాళ్లు తల్లిదండ్రులే నిర్ణయిస్తారు. వారం వారం ఓపీలో బరువు చూస్తారు. రెండో వారం కుటుంబమంతా భోజనం తెచ్చుకుని చికిత్సకుడి ముందే తింటారు. బరువు కోలుకున్నాక తిండి బాధ్యతను మెల్లగా పిల్ల చేతికి తిరిగి ఇస్తారు. తప్పు తల్లిది కాదు, పిల్లదీ కాదు, పోరు జబ్బుతో అన్నది ఈ పద్ధతికి ప్రాణం. అమెరికాలో 121 మంది పిల్లలతో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స ముగిసిన ఏడాదికి ఈ పద్ధతిలో 49 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. పిల్లతో విడిగా మాట్లాడే చికిత్సలో కోలుకున్నది 23 శాతమే.

అయితే ఇంటి వైద్యానికి హద్దు ఉంది. పగటిపూట నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, రక్తంలో పొటాషియం పడిపోయినా ఆసుపత్రిలో చేర్చాల్సిందే. చాలాకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా తిండి పెడితే ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి మొదటి వారాలు డాక్టరు కంటి కిందే గడవాలి.

పిల్లల వైద్యానికి నిలోఫర్, మానసిక వైద్యానికి ఎర్రగడ్డ, పోషకాహార పరిశోధనకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. పిల్లల డాక్టరు, మానసిక వైద్యుడు, డైటీషియన్ వారంలో ఒక్క పూట ఒకే గదిలో కూర్చుంటే చాలు, తల్లి ఫైలు పట్టుకుని మూడు చోట్లకు తిరిగే అవసరం ఉండదు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. ఈ మాత్రం ఏర్పాటు అడగడం అత్యాశ అని నేను అనుకోను.

బీమా సంగతీ చెప్పాలి. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. పిల్లను మంచం ఎక్కకుండా కాపాడే వారం వారం ఓపీ ఖర్చు ఇంటివాళ్ల జేబులోంచే పోతుంది.

ఇంటర్ హాస్టళ్లలో ఉన్న పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. మెస్‌లో ఎవరు తిన్నారో, ఎవరు కంచం కడిగేశారో చూసేదెవరు? ఏడాది పోతుందన్న భయంతో తల్లిదండ్రులు వెనకాడతారు. నా మాట ఒక్కటే: ముందు ఇంటికి తీసుకురండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి.

ఇంట్లో అందరిదీ ఒకే మాట కావడం అన్నింటికన్నా కష్టం. అమ్మ తినమంటుంది, నాన్న ఈ పూటకి వదిలెయ్యమంటాడు, నానమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. జబ్బుకు ఆ సందు చాలు.

మా బంధువుల ఇంట్లో ఆ అమ్మాయి తల్లి పూటకు ముప్పావుగంట చొప్పున, రోజుకు ఐదుసార్లు కూతురి పక్కన కూర్చుంది. ఏడ్చినా, కంచం తోసేసినా లేవలేదు. దానికోసం నెలరోజులు సెలవు పెట్టింది. పిల్లకు అన్నం తినిపించాలని రాస్తే ఆఫీసులో ఎవరూ నమ్మరని, సెలవు చీటీలో కారణం దగ్గర కామెర్లు అని రాసింది.