సవరణ: పచ్చి టమాటాలన్నీ పచ్చడికి రావు

పంట చివర్లో చెట్లకు మిగిలిన పచ్చి టమాటాలన్నీ పచ్చడికి పనికొస్తాయని మొన్న రాసిన మాటకు చిన్న సవరణ. అన్నీ కాదు. మా పలమనేరు వైపు తోటల్లో ఆఖరి కోతకు ముదిరినవీ లేతవీ రెండు రకాలూ కలిసే వస్తాయి. ఒక కాయ కోసి చూడండి. గింజల చుట్టూ జిగురు పట్టి, కత్తి తగిలితే గింజ తెగకుండా పక్కకు జారితే అది ముదిరిన కాయ. పచ్చడికీ పప్పుకీ అదే బాగుంటుంది, గంపలో ఉంచితే పండుతుంది కూడా. గింజతో సహా తెగిపోయి లోపలంతా గట్టిగా ఉంటే లేత కాయ. సరిగా పండదు, మగ్గదు, పైగా చేదు. టొమాటిన్ అనే, ఎక్కువైతే ఒంటికి పడని పదార్థం పచ్చి కాయలో ఎక్కువ, పండేకొద్దీ తగ్గుతుంది. కూరలో వేసే నాలుగు కాయలకు టెన్షన్ పడక్కర్లేదు గానీ, ఆకులు, కాడలు మాత్రం వేయకండి.

పచ్చి టమాటా పప్పు చేస్తే పప్పు ఉడకలేదని అడిగినవాళ్లకు: కాయలు మొదటే వేస్తే పులుపుకు బేడలు గట్టిగా ఉండిపోతాయి. ముందు కందిబేడలు మెత్తబడాలి, మగ్గించిన కాయలు తర్వాత. చింతపండు నేనైతే అసలు వేయను.

ఇంకోటి, నేను చెప్పిన పచ్చి టమాటా పచ్చడి రోటి పచ్చడి. వేయించిన చెనక్కాయలు వేసి నూరుకుని, సంగటిలోకి ఆ పూటకో మర్నాటికో తినేది. ఆవకాయలా జాడీకెత్తేది కాదు.