బూజుకర్ర, పొడుగుది

తిరుపతిలో గుండు చూసి ఎందుకని ఎవరూ అడగరు. మా రిటైర్డు లెక్చరరు సారుది బట్టతల. బస్టాండులో నిలబడితే చాలు, ‘దర్శనం బాగా అయిందా సామీ?’ అని పలకరిస్తారు. ముప్పై ఏళ్లుగా ఆయన ‘ఇది మా నాయన దగ్గర్నుంచి వచ్చిందయ్యా’ అని ఓపిగ్గా వివరిస్తూనే ఉన్నారు.

మా హేతువాదుల పుస్తక బృందానికి పెద్ద ఆయనే. నెలకో ఆదివారం కొర్లగుంటలో ఆయన మిద్దె మీద ఏడుగురం చేరతాం. నియమం ఒకటే: ఎవరు చెప్పినా సరే, రుజువు లేనిదే నమ్మకూడదు. టీలో చక్కెర వేశానని సారు భార్య చెప్పినా ఒక గుక్క తాగి చూసిగానీ ఒప్పుకోం.

పోయిన నెల హేతువాది అబ్రహాం కోవూరు పుస్తకం చదివాం. అతీత శక్తులున్నాయని నిరూపిస్తే లక్ష రూపాయలిస్తానని ఆయన 1963లో శ్రీలంకలో సవాలు విసిరితే, 1978లో పోయేదాకా ఆ లక్ష ఎవరూ పట్టుకుపోలేదు. (కోవూరంటే నెల్లూరు పక్కదా అని అడిగింది మా బ్యాంకు మిత్రుడు. కాదు, ఆయన కేరళలో పుట్టాడు.)

ఈ నెలకి ఏది చదవాలో తేల్చాలి. పేర్లు రాసుకోండని పోయినసారి ఒక కాగితం చేతులు మార్చాం. అది నా జేబులో పడి, అక్కణ్ణుంచి మా ఇంటి ఫ్రిజ్జు మీదికెక్కి, మళ్లీ ఆదివారం జేబులోకి వచ్చింది. చదవడం మొదలుపెట్టాను.

మొదటిది కార్ల్ సాగన్ 1995లో రాసిన దయ్యాల ప్రపంచం పుస్తకం. ‘ఇంగ్లీషు. లావు. నిద్రమాత్రలు మానేసినా మేలే’ అన్నాడు బ్యాంకు మిత్రుడు. రెండోది త్రిపురనేని రామస్వామి చౌదరి ‘సూతపురాణం’. పద్యాలు. ముందు ఒక తెలుగు పండితుణ్ణి సభ్యుడిగా చేర్చుకోవాలన్నారు. మూడు, ‘కన్యాశుల్కం’. అందరూ చదివేశామన్నారు. ఎవరూ చదవలేదని నాకు తెలుసు, నేనూ చదవలేదు కాబట్టి.

నాలుగోది: ‘బూజుకర్ర, పొడుగుది, 1.’

చేతిరాత నాది కాదు. ఎవరో సభ్యుడు చేర్చాడనుకున్నాను. పైగా పేరెంత బాగుంది! మెదళ్లకు పట్టిన బూజు దులపడమే కదా మన పని.

ఒక్క క్షణం నిశ్శబ్దం. అంతలో బ్యాంకు మిత్రుడు తొడ మీద చరుచుకున్నాడు. ‘అబ్బ! బూజుకర్ర! ఎన్నాళ్లయిందప్పా ఆ పేరు విని!’

1995 సెప్టెంబరులో దేశమంతా స్పూన్లు పట్టుకుని వినాయకుడికి పాలు తాపుతుంటే, అది తలతన్యత, అంటే ద్రవం పైపొరకుండే బిగువు, అని వీధంతా తిరిగి చెప్పానని ఇప్పటికీ చెప్పుకునే మనిషి ఈయనే. శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి, అవి బొమ్మ మీదుగా కిందికే జారుతున్నాయని చూపించారు కూడా. మా బూజుకర్రలో రంగు కలిపే నాథుడు లేకపోయాడు.

‘నేను డిగ్రీలో చదివినా’ అన్నారు లెక్చరరు సారు. ‘మొదట్లో పదునుగా ఉంటాది. పోనుపోను సాగదీసినాడు.’

‘పొడుగుది అని రాశారే?’ అన్నాడు ఇంకొకాయన.

‘సంక్షిప్త ప్రతి కూడా ఉండాదిలే. దాంట్లో సారం పోయింది. చదివితే పొడుగుదే చదవాల.’

‘మరి ఒకటి?’

‘మొదటి భాగం.’

నాస్తికవాది గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినప్పుడు ఈ రచయిత అక్కడే ఉండేవాడట కదా, అని ఎవరో అన్నారు. ఉండేవాడన్నారు సారు. నేనూ తలూపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు.

యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే అమ్మాయొకతె మా బృందంలో ఉంది. ‘రచయిత పేరేమి సార్?’ అంది.

‘పేరు పెట్టుకోలేదమ్మా. ఆ కాలంలో పేరు పెట్టుకుంటే బతకనిస్తారా?’

ఓటింగులో ఆరుగురం చేతులెత్తాం. ఆ అమ్మాయి ఎత్తలేదు. చిన్నపిల్ల, అంత చదువు ఎక్కడ అబ్బుతుందిలే అనుకున్నాం.

మర్నాడు గాంధీ రోడ్డులో ఒక పుస్తకాల అంగట్లో అడిగాను. యజమాని తల కూడా ఎత్తలేదు. ‘నిన్ననే చివరి కాపీ పోయింది సార్. వారంలో తెప్పిస్తా.’ నా నమ్మకం ఇంకా గట్టిపడింది. ఇంకో రెండు అంగళ్లు తిరిగి, చివరికి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే ముసలాయన దగ్గర ఆగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

‘బూజుకర్రా? అది నాకాడ యాడుంటాది సామీ? అదో, ఆ బక్కెట్లు వేలాడతా ఉండే అంగట్లో అడుగు.’

సరిగ్గా అప్పుడే ఫోను. ‘ఏమండీ, ఫ్రిజ్జు మీద చీటీలో రాసి పెట్టినానే, చూసుకున్నారా? భోగి ఎల్లుండి. పొడుగుది తీసుకోండి, పోయినసారి తెచ్చింది ఫ్యాను దాకా కూడా అందలేదు.’

ఇరవై రెండేళ్లు కాపురం చేసి ఆమె అక్షరం గుర్తుపట్టలేని నేను, దయ్యాల ఫోటోలు అసలువో నకిలీవో తేలుస్తానని బయల్దేరాను!

నూట ఇరవై చెప్పాడు, నూటికిచ్చాడు. కర్రను స్కూటరు మీద నిలువుగా పెట్టుకుని లీలామహల్ సెంటర్లో సిగ్నలు దగ్గర ఆగానో లేదో, పక్కనే ఆటోలోంచి లెక్చరరు సారు తల బయటికి పెట్టారు.

‘ఏమప్పా, పుస్తకం దొరికిందా?’

‘దొరికింది సార్’ అన్నాను. ‘పొడుగుదే.’

ఆయన కర్రను కింది నుంచి పై దాకా చూశారు. పైనున్న ప్లాస్టిక్ కుచ్చు దగ్గర చూపు కాసేపు నిలిచింది. సిగ్నలు పడింది. ఆటో కదులుతుంటే అన్నారు:

‘నేను చదివింది కొబ్బరి ఈనెలది.’