స్టీలు వాచీ గారికి, దురదతో వ్రాయునది

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ కుశలం నీ ఒక్కదానికే. అద్దం మీద గీత పడలేదు, మెరుపు తగ్గలేదు, సెకన్ల ముల్లు ఎప్పట్లాగే పరిగెడుతోంది. నా మణికట్టు సంగతే బాగాలేదు. 'గారు' అన్నానని మురిసిపోకు, అలవాటు కొద్దీ వచ్చింది.

మొదటి నెల మనిద్దరం ఎంత బాగున్నాం! నువ్వు కనబడాలని చొక్కా చేతులు రెండు మడతలు ఎక్కువ మడిచి తిరిగాను. అడగనివాళ్లకు కూడా టైము చెప్పాను. తర్వాత ఒక సాయంత్రం నిన్ను తీసి చూస్తే, నీ వెనక మూత ఆనినంత మేర గుండ్రంగా ఎర్రటి మచ్చ. అటువైపు, లాక్ ఉండే చోట, ఆవగింజలంత పొక్కులు. చైను లింకులు కూడా లెక్కపెట్టుకునేలా అచ్చుపడ్డాయి. ఇంత స్పష్టంగా సంతకం పెట్టిపోయిన దొంగను నేనెక్కడా చూడలేదు. అయినా నిన్ను అనుమానించలేదు.

సబ్బు మార్చాను. బట్టలు ఉతికే పొడి మార్చాను. దోమల మీద నింద వేశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నిన్ను చేతికి పెట్టుకుని లోకాన్నంతా విచారించాను. ఏ రోజు ఎన్నింటికి దురద మొదలైందో డాక్టరుకు చూపించాలని కాగితం మీద రాసిపెట్టాను. ఆ టైము కూడా నిన్ను చూసే రాశాను!

నువ్వు అంత తేలిగ్గా ఎందుకు దొరకలేదో డాక్టరు చెబితే తెలిసింది. నీలోని నికెల్‌తో చర్మానికి ఒకసారి పేచీ వచ్చిందంటే, ఆ తర్వాత తగిలిన ప్రతిసారీ గొడవే. కాకపోతే గొడవ అప్పటికప్పుడు రాదు. ఒంటికి కాపలా కాసే టి కణాలనే తెల్ల రక్తకణాలు నికెల్‌ను గుర్తుపట్టి, బలగాన్ని కూడగట్టుకుని వచ్చేసరికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. శనివారం నిన్ను పెట్టుకుంటే సోమవారం గోక్కుంటాను. ఆ సోమవారం నువ్వు బల్ల మీద ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంటావు. ఒక్క సెకను తప్పని నీకు దురద పంపడంలో రెండు రోజులు లేటా?

నీ పేరే స్టెయిన్‌లెస్. మచ్చలేనిదని అర్థమట. నిజమే, నీ దగ్గర ఒక్క మచ్చా లేదు, అన్నీ నాకే ఇచ్చావు.

నీ జాతకం కూడా తీశాను. మంచి వాచీల్లో వాడే 316ఎల్ రకం స్టీలులో 10 నుంచి 14 శాతం దాకా నికెల్ ఉంటుంది. న్యాయంగా చెప్పాలంటే, ఆ స్టీలు నికెల్‌ను గట్టిగానే పట్టుకుని ఉంటుంది, పైన క్రోమియం ఆక్సైడ్ పొర కాపలా కాస్తుంది. అందుకే చాలామందికి దానితో ఇబ్బంది రాదు. నీ సంగతి వేరు. నీ వీపు మీద చిన్న అక్షరాలతో 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని చెక్కి ఉంది. బ్యాక్ మాత్రమే! మిగతా ఒళ్లు దేనితో చేశారో ఎక్కడా రాయలేదు. ఇన్నాళ్లూ భూతద్దం పెట్టి చదవకపోవడం నా తప్పే అనుకో.

అందుకే పరీక్ష పెట్టాను. డైమిథైల్‌గ్లయాక్సిమ్ అని ఒక రసాయనం, నోరు తిరక్కపోయినా పనిచేస్తుంది. దూదిపుల్లతో నీ లాక్ మీద రుద్దితే దూది గులాబీ రంగుకు తిరిగింది. నికెల్ బయటికి వస్తోందని దానర్థం. నువ్వు సిగ్గుతో ఎర్రబడ్డావనుకుని కాసేపు జాలిపడ్డాను కూడా.

ఈ నికెల్ పేరులోనే దయ్యం ఉంది తెలుసా? జర్మనీ గని కార్మికులు రాగి ఖనిజంలా కనబడి ఎంత కాల్చినా రాగి ఇవ్వని రాయిని 'కుప్ఫర్‌నికెల్', అంటే రాగి దయ్యం, అని తిట్టుకున్నారు. 1751లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెట్ అలాంటి ఖనిజం నుంచే ఈ లోహాన్ని వేరుచేశాడు. తిట్టే పేరైపోయింది. యూరప్‌వాళ్లు 1994లో దీని మీద చట్టం తెచ్చారు. చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే వస్తువు చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాము మించి నికెల్ వదలకూడదు. లోపల ఎంత దాచుకున్నావన్నది కాదు, ఎంత కారుస్తున్నావన్నదే లెక్క.

ప్రతి దురదా అలర్జీ కాదని, బిగుతు చైను కింద నిలిచిపోయిన చెమట, సబ్బు నీళ్లు కూడా చర్మాన్ని చికాకు పెడతాయని డాక్టరు అంటే, నీకు చివరి అవకాశం ఇచ్చాను. ఒక లింకు వదులు చేయించాను. పాత బ్రష్షుతో రుద్దితే నీ సందుల్లోంచి కారిన నల్లటి మురికి చూసి, నిన్ను ముద్దుపెట్టుకున్న రోజు గుర్తొచ్చి నోరు కడుక్కున్నాను. రంగులేని నెయిల్ పాలిష్ కూడా పూశాను. పెళ్లికూతురిలా తయారుచేస్తే మూడో రోజుకే పొరలు పొరలుగా ఊడగొట్టుకున్నావు.

ఆఖరికి దేనితో అలర్జీయో తేల్చడానికి నా వీపు మీద పరీక్ష పట్టీలు అంటించి 48 గంటలు ఉంచారు. తీశాక చూస్తే నికెల్ సల్ఫేట్ పట్టీ కిందే ఎర్రగా పొంగింది. క్రీమ్ రాసుకుంటే పొక్కులు తగ్గుతాయిగానీ, ఈ అలర్జీ మాత్రం జీవితాంతం వదలదట. కాబట్టి నిన్ను సొరుగులో పెడుతున్నాను. టైటానియం దానితో కొత్త సంబంధం మాట్లాడుతున్నాను. నువ్వు అక్కడే టిక్కుటిక్కుమంటూ ఉండు, బ్యాటరీ అయ్యేదాకా.

తా.క. రెండు రోజులుగా బొడ్డు కింద కూడా దురదగా ఉంది. సరిగ్గా జీన్స్ గుండీ ఆనే చోట. నిజం చెప్పు, ఆ గుండీ నీకేమవుతుంది?